మయోసైటిస్ తొలి లక్షణాలు

మయోసైటిస్ అనగా కండరాలకు కలిగే శోథం. శరీరాన్ని రోగక్రిముల నుండి కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ పొరపాటున సొంత కండరాల మీదనే దాడి చేయడం వలన దీర్ఘకాలం కొనసాగే కండర శోథ వ్యాధులు కలుగుతాయి. ఇవి అరుదైన వ్యాధులు. ఒక ఊరిలో అనేక సంవత్సరాలు వైద్యం చేసిన వైద్యునికి కూడా ఒకరిద్దరు రోగులు మాత్రమే తారసపడవచ్చు. తొలి లక్షణాలు నెమ్మదిగా, సాధారణమైన అలసటలాగా మొదలవుతాయి. అందుచేత రోగి గాని, కుటుంబసభ్యులు గాని, కొన్నిసార్లు వైద్యులు గాని వాటిని గుర్తించడంలో ఆలస్యం జరుగుతుంది. కండరం పూర్తిగా దెబ్బతినక ముందే చికిత్స ఆరంభిస్తే చాలామందిలో మంచి ఫలితం కనిపిస్తుంది. కనుక ఈ వ్యాధి విషయంలో తొలి లక్షణాలను తెలుసుకోవడానికి ఎంతో ప్రాధాన్యం ఉన్నది.

పేరు, రకాలు

గ్రీకు భాషలోని కండరం అనే అర్థం గల మూలపదానికి, శోథాన్ని తెలిపే 'ఐటిస్' అనే ప్రత్యయం చేరగా మయోసైటిస్ అనే పేరు ఏర్పడింది. ఫ్లూ, డెంగీ వంటి వైరస్ జ్వరాలలో కూడా కొద్దిరోజులపాటు కండరాలలో శోథం కలుగవచ్చు. అది తనంతట తానే తగ్గిపోతుంది. ఈ వ్యాసంలో వివరించేది నెలలు, సంవత్సరాల తరబడి సాగే రకాలను గురించి. వాటిలో ముఖ్యమైనవి:

* డెర్మటోమయోసైటిస్: కండరాలతో పాటు చర్మం మీద కూడా ప్రత్యేకమైన మచ్చలు కనిపిస్తాయి. పిల్లలకు, పెద్దలకు కూడా వస్తుంది. పురుషులలో కంటే స్త్రీలలో ఎక్కువ.
* పాలీమయోసైటిస్: చర్మం మీద మచ్చలు ఉండవు. సాధారణంగా పెద్దలకే వస్తుంది. పూర్వం ఈ పేరుతో గుర్తించిన అనేక కేసులను నేడు కొత్త పరీక్షల ఆధారంగా ఇతర రకాలలో చేరుస్తున్నారు.
* నెక్రోటైజింగ్ మయోపతీ: కండర తంతువులు పెద్ద ఎత్తున నశించే రకం. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందులు వాడినవారిలో అతి కొద్దిమందికి ఈ రకం రావచ్చు.
* యాంటీసింథటేజ్ సిండ్రోమ్: కండరాలతో పాటు ఊపిరితిత్తులు, కీళ్ళు కూడా వ్యాధికి గురవుతాయి.
* ఇంక్లూజన్ బాడీ మయోసైటిస్: సాధారణంగా 50 సంవత్సరాలు దాటినవారికి వస్తుంది. స్త్రీలలో కంటే పురుషులలో ఎక్కువ.

చరిత్ర

జర్మనీ వైద్యుడు ఎర్నస్ట్ వాగ్నర్ 1863లో ఈ వ్యాధిని గురించి తొలి వర్ణనలలో ఒకదానిని ప్రచురించాడు. చర్మం, కండరాలు రెండూ ఏకకాలంలో వ్యాధిగ్రస్తమయ్యే స్థితికి హైన్రిచ్ ఉన్‌వెరిక్ట్ అనే మరొక జర్మన్ వైద్యుడు 1891లో డెర్మటోమయోసైటిస్ అని పేరు పెట్టాడు. 1975లో అమెరికా వైద్యులు బోహన్, పీటర్‌లు వ్యాధి నిర్ధారణకు ఐదు అంశాలతో కూడిన ప్రమాణాలను ప్రతిపాదించారు. ఇవి దశాబ్దాలపాటు వాడుకలో ఉన్నాయి. 2017లో యూరోపు, అమెరికాలకు చెందిన రుమటాలజీ సంఘాలు కలిసి నూతన వర్గీకరణ ప్రమాణాలను వెలువరించాయి.

శరీరంలో జరిగే మార్పులు

కండరం వేలాది సన్నని తంతువుల సముదాయం. ఈ వ్యాధిలో రోగనిరోధక కణాలు కండరంలోనికి ప్రవేశించి తంతువులను గాని, వాటికి రక్తాన్ని అందించే సూక్ష్మ రక్తనాళాలను గాని దెబ్బతీస్తాయి. తంతువు చిట్లినపుడు దానిలోని క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము రక్తంలోనికి కారుతుంది. అందుచేతనే రక్తపరీక్షలో ఈ ఎంజైము పెరిగినట్లు కనిపిస్తుంది. శోథం ఎక్కువకాలం కొనసాగితే నశించిన తంతువుల స్థానంలో కొవ్వు చేరుతుంది. ఆ దశకు చేరిన కండరం తిరిగి పూర్వపు బలాన్ని పొందలేదు. చికిత్సలో ఆలస్యం తగదని చెప్పడానికి ఇదే ముఖ్యకారణం.

రోగనిరోధక వ్యవస్థ ఈ విధంగా దారి తప్పడానికి కచ్చితమైన కారణం ఏదో ఒక్కటి కాదు. వంశపారంపర్యంగా వచ్చే కొంత అనుకూలత, దానికి తోడు వైరస్ వ్యాధులు, తీవ్రమైన ఎండ, కొన్ని మందులు, కొన్నిసార్లు శరీరంలో దాగియున్న కాన్సర్ కలిసి వ్యాధిని ప్రేరేపించవచ్చు. ఇది అంటువ్యాధి కాదు. రోగిని తాకడం వలన గాని, కలిసి భుజించడం వలన గాని ఇతరులకు రాదు.

కండరాల బలహీనత

మయోసైటిస్ ముఖ్య లక్షణం నొప్పి కాదు, బలహీనత. చాలామంది రోగులకు నొప్పి స్వల్పంగా ఉంటుంది, కొందరికి అసలే ఉండదు. నొప్పి లేదు కాబట్టి వ్యాధి లేదని భావించడం వలన విలువైన కాలం వృథా అవుతుంది.

ఇంక్లూజన్ బాడీ రకం మినహా మిగిలిన రకాలలో బలహీనత మొండెమునకు దగ్గరగా ఉండే కండరాలలో, అనగా తుంటి, తొడలు, భుజాలు, మెడ కండరాలలో మొదలవుతుంది. రెండు పక్కలా ఇంచుమించు సమానంగా ఉంటుంది. అరచేతులు, పాదాల బలం తొలిదశలో బాగానే ఉంటుంది. అందువలన రోగి చక్కగా వ్రాయగలడు, పిడికిలి గట్టిగా బిగించగలడు, సమతలం మీద నడవగలడు. కాని ఈ క్రింది పనులలో ఇబ్బంది కలుగుతుంది:

* నేలమీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నవారు చేతులు ఊనకుండా లేవలేకపోవడం.
* గొంతుక్కూర్చొని లేచేటపుడు గోడను గాని, తలుపును గాని పట్టుకోవలసి రావడం.
* బస్సు మెట్లు ఎక్కేటపుడు కమ్మీ పట్టుకొని శరీరాన్ని పైకి లాగుకోవలసి రావడం.
* తల దువ్వుకొనేటపుడు, జడ వేసుకొనేటపుడు చేతులు మధ్యలోనే వాలిపోవడం.
* దండెం మీద తడిబట్టలు ఆరవేయలేకపోవడం, అటక మీది వస్తువును దించలేకపోవడం.
* నీళ్ళబిందెను ఎత్తలేకపోవడం.
* పడుకొన్నపుడు దిండు మీదనుండి తల ఎత్తలేకపోవడం, పక్కకు దొర్లి తప్ప లేవలేకపోవడం.

నేలమీద కూర్చునే అలవాటు ఉన్న మన ప్రాంతంలో మొదటి రెండు మార్పులను ఇంటివారు సులభంగా గమనించవచ్చు. అయితే మనుషులు తమకు తెలియకుండానే అలవాట్లను మార్చుకుంటారు. నేల మీదనుండి కుర్చీకి, కుర్చీనుండి మరింత ఎత్తైన మంచానికి మారతారు. పొడవు జడ మాని ముడి వేసుకుంటారు. ఇటువంటి సర్దుబాట్ల వెనుక బలహీనత దాగి ఉండవచ్చు. 'ఆరు నెలల క్రితం చేయగలిగి, ఇప్పుడు చేయలేని పని ఏది?' అనే ప్రశ్న వేసుకుంటే మార్పు స్పష్టంగా తెలుస్తుంది.

అలసటకు, కండర బలహీనతకు గల భేదాన్ని కూడా గుర్తించాలి. అలసిన వ్యక్తి విశ్రాంతి తీసుకొన్న తరువాత అదే పనిని చేయగలడు. కండరం బలహీనపడిన వ్యక్తి రాత్రంతా నిద్రపోయి లేచిన తరువాత కూడా ఆ పనిని చేయలేడు. వారాలు గడిచేకొద్దీ చేయలేని పనుల సంఖ్య పెరుగుతూ ఉంటుంది.

చర్మం మీద కనిపించే గుర్తులు

డెర్మటోమయోసైటిస్‌లో చర్మపు మచ్చలు కండరాల బలహీనత కంటే వారాలు, నెలలు ముందుగానే కనిపించవచ్చు. కొందరిలో కండరాల బలహీనత అసలే ఉండక చర్మ లక్షణాలు మాత్రమే ఉంటాయి.

* కనురెప్పల మీద ఊదారంగు: పై కనురెప్పలు ఊదా లేదా ముదురు ఎరుపు రంగుకు మారి కొద్దిగా ఉబ్బుతాయి. హీలియోట్రోప్ అనే ఊదారంగు పువ్వు పేరుతో దీనిని పిలుస్తారు.
* వ్రేళ్ళ కణుపుల మీద గుల్లలు: చేతివ్రేళ్ళ కణుపుల పైభాగాన, మోచేతులు, మోకాళ్ళ మీద ఎర్రని లేదా ఊదారంగు గట్టి మచ్చలు లేస్తాయి. జర్మన్ చర్మవైద్యుడు గాట్రన్ పేరు మీద వీటిని గాట్రన్ పాప్యూల్స్ అంటారు. లూపస్ అనే మరొక వ్యాధిలో మచ్చలు సాధారణంగా కణుపులను వదిలి వాటి మధ్య భాగంలో వస్తాయి.
* ఎండ తగిలే చోట మచ్చలు: మెడక్రింద రొమ్ము పైభాగంలోను, శాలువా కప్పుకొనే విధంగా భుజాలు, వీపు పైభాగంలోను చర్మం రంగు మారుతుంది. ఎండలో తిరిగితే హెచ్చుతుంది.
* గోళ్ళ మొదళ్ళ వద్ద ఎరుపు: గోరు మొదట్లోని సూక్ష్మ రక్తనాళాలు ఉబ్బి చిన్న ఎర్రని గీతలవలె కనిపిస్తాయి.
* గరుకు చేతులు: వ్రేళ్ళ పక్కల చర్మం మొద్దుబారి, పగిలి, యంత్రాల పని చేసేవారి చేతులవలె కనిపిస్తుంది. ఈ గుర్తు ఉన్నవారిలో ఊపిరితిత్తుల పరీక్ష అవసరం.
* దురద: చర్మంలో, ముఖ్యంగా తలమీద, తీవ్రమైన దురద ఉండవచ్చు. దీనిని చుండ్రుగా పొరబడే అవకాశం ఉన్నది.

వైద్య గ్రంథాలలోని చిత్రాలు చాలావరకు తెల్లని చర్మం గలవారివి. మన దేశంలో సాధారణమైన చామనఛాయ, నలుపు రంగు చర్మం మీద ఎరుపు స్పష్టంగా కనబడదు. మచ్చలు ముదురు గోధుమ, ఊదా లేదా బూడిద వర్ణంలో ఉంటాయి. వీటిని మంగు మచ్చలుగా, ఎండకు కమిలిన నలుపుగా, క్రొత్త సబ్బు లేదా తలరంగు పడకపోవడంగా భావించి నెలల తరబడి పైపూత మందులు వాడేవారు ఉంటారు. కనురెప్పల మీద, వ్రేళ్ళ కణుపుల మీద ఒకేసారి రంగు మార్పు కనిపిస్తే అది మంగు కాకపోవచ్చునని గుర్తుంచుకోవాలి.

ఇతర లక్షణాలు

గొంతు కండరాలు బలహీనపడినపుడు మ్రింగడం కష్టమవుతుంది. అన్నం గొంతులో నిలిచినట్లు అనిపించడం, నీరు త్రాగేటపుడు పొలమారడం, త్రాగిన నీరు ముక్కులోనికి రావడం, మాట ముక్కుతో పలికినట్లు మారడం దీని గుర్తులు. ఆహారం శ్వాసనాళంలోనికి జారి న్యుమోనియా కలిగే ప్రమాదం ఉన్నందున ఈ లక్షణాన్ని తేలికగా తీసుకోరాదు.

విడువని పొడిదగ్గు, కొద్దిదూరం నడిస్తేనే ఆయాసం కలగడం ఊపిరితిత్తుల శోథానికి సూచన కావచ్చు. కొందరిలో కండరాల లక్షణాల కంటే ముందే ఆయాసం మొదలవుతుంది. ఎమ్‌డీఏ5 అనే ప్రతిరక్షకం ఉన్న డెర్మటోమయోసైటిస్ రోగులలో కండరాలు బాగానే ఉండి, ఊపిరితిత్తులు కొద్ది వారాలలోనే తీవ్రంగా దెబ్బతినవచ్చు. వీటితో పాటు సన్నని జ్వరం, బరువు తగ్గడం, కీళ్ళనొప్పులు, చలికి వ్రేళ్ళు తెల్లబడి తరువాత నీలంగా మారడం కూడా కనిపిస్తాయి.

పిల్లలలో

పిల్లలలో వచ్చే డెర్మటోమయోసైటిస్ సాధారణంగా 5 నుండి 15 సంవత్సరాల మధ్య బయటపడుతుంది. చిన్నపిల్లలు బలహీనతను మాటలలో చెప్పలేరు. ఆటలు మానుకోవడం, తరచుగా పడిపోవడం, ఎత్తుకొమ్మని మారాం చేయడం, మెట్ల దగ్గర ఆగిపోవడం, చిరాకు పడడం ద్వారా అది వ్యక్తమవుతుంది. నేలమీదనుండి లేచేటపుడు పిల్లవాడు తన తొడలమీద తానే చేతులు ఊని, క్రమంగా పైకి లేవడాన్ని గోవర్స్ గుర్తు అంటారు. ఇది తుంటి కండరాల బలహీనతను తెలుపుతుంది. కండర క్షీణత వ్యాధులలో కూడా ఇది కనిపిస్తుంది. వ్యాయామ తరగతిలో వెనుకబడిన పిల్లవానిని సోమరిగా భావించి దండించక, మార్పు ఎప్పటినుండి వచ్చిందో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు విచారించడం మేలు.

చికిత్స ఆలస్యమైన పిల్లలలో చర్మం క్రింద సున్నపు గడ్డలు ఏర్పడవచ్చు. పెద్దలలో కనిపించే కాన్సర్ సంబంధం పిల్లలలో సాధారణంగా ఉండదు.

వృద్ధులలో

ఇంక్లూజన్ బాడీ మయోసైటిస్ తొలి లక్షణాలు భిన్నంగా ఉంటాయి. తొడ ముందుభాగపు కండరాలు సన్నబడి, మోకాలు హఠాత్తుగా మడిగి మనిషి కూలబడతాడు. చేతివ్రేళ్ళను మడిచే కండరాలు బలహీనపడి తాళం తిప్పడం, తడిబట్ట పిండడం, గుండీలు పెట్టుకోవడం, అన్నం కలిపి ముద్ద చేయడం కష్టమవుతాయి. ఒక పక్క ఎక్కువగా, మరొక పక్క తక్కువగా ఉండవచ్చు. వ్యాధి అనేక సంవత్సరాలపాటు మెల్లగా సాగుతుంది కనుక దీనిని వార్ధక్యంగా, కీళ్ళవాతంగా భావించడం సాధారణం. ఈ రకం స్టిరాయిడ్ మందులకు లొంగదు. అయినప్పటికీ సరిగా గుర్తించడం వలన అనవసరమైన మందులు తప్పుతాయి. పడిపోకుండా, పొలమారకుండా జాగ్రత్తలు తీసుకొనే వీలు కలుగుతుంది.

పొరబడే అవకాశం ఉన్న ఇతర స్థితులు

కండరాల బలహీనత ఉన్న ప్రతివారికీ మయోసైటిస్ ఉన్నట్లు కాదు. అంతకంటే చాలా ఎక్కువగా కనిపించే ఇతర కారణాలు ఉన్నాయి.

* థైరాయిడ్ హార్మోను లోపం: బలహీనత కలుగుతుంది, క్రియాటిన్ కైనేజ్ కూడా పెరుగుతుంది. థైరాయిడ్ మందుతో సరిపోతుంది.
* విటమిన్ డి లోపం: తుంటి కండరాల బలహీనత, ఎముకల నొప్పి కలుగుతాయి.
* మందుల ప్రభావం: స్టాటిన్‌లు, దీర్ఘకాలం వాడిన స్టిరాయిడ్‌లు, మద్యం కండరాలను బలహీనపరుస్తాయి.
* పాలీమయాల్జియా రుమాటికా: 50 ఏళ్ళు దాటినవారిలో భుజాలు, తుంటి వద్ద నొప్పి, ఉదయంపూట బిగుసుకుపోవడం ముఖ్య లక్షణాలు. క్రియాటిన్ కైనేజ్ పెరగదు.
* మయస్థీనియా గ్రేవిస్: బలహీనత సాయంకాలానికి హెచ్చుతుంది. కనురెప్పలు వాలిపోతాయి, వస్తువులు రెండుగా కనిపిస్తాయి.

మరొక ముఖ్యమైన పొరపాటు కాలేయానికి సంబంధించినది. కాలేయ పరీక్షలుగా ప్రసిద్ధమైన ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే ఎంజైములు కండరాలలో కూడా ఉంటాయి. కండరాలు దెబ్బతిన్నపుడు ఇవి రక్తంలో పెరుగుతాయి. దీనిని కాలేయవ్యాధిగా భావించి నెలల తరబడి పథ్యం చేయించడం, మందులు వాడించడం జరుగుతూ ఉంటుంది. కామెర్లు లేకుండా ఈ రెండూ పెరిగి, రోగి బలహీనంగా ఉంటే క్రియాటిన్ కైనేజ్ పరీక్ష కూడా చేయించడం అవసరం. జీజీటీ అనే ఎంజైము కండరాలనుండి రాదు. కనుక అది సాధారణంగా ఉండడం కండరాల వైపు అనుమానాన్ని బలపరుస్తుంది.

నిర్ధారణ

ముందుగా వైద్యుడు రోగిని కుర్చీనుండి, నేలనుండి లేవమని, చేతులు పైకెత్తి ఉంచమని, తల ఎత్తమని కోరి బలాన్ని అంచనా వేస్తాడు. తరువాత క్రియాటిన్ కైనేజ్ పరీక్ష చేస్తారు. ప్రయోగశాలను బట్టి కొంత మారినా, ఇది పెద్దలలో సాధారణంగా లీటరుకు సుమారు 200 యూనిట్ల లోపు ఉంటుంది. మయోసైటిస్‌లో వేలలోనికి పెరగవచ్చు. అయితే డెర్మటోమయోసైటిస్‌లో కొందరికి ఇది సాధారణ స్థాయిలోనే ఉంటుంది. కష్టమైన వ్యాయామం చేసిన తరువాత, కండరానికి ఇంజెక్షన్ చేయించుకొన్న తరువాత ఆరోగ్యవంతులలో కూడా పెరుగుతుంది. కాబట్టి ఒక్క అంకెను చూసి నిర్ణయానికి రాకూడదు.

కండరాలలోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఎంజీ, శోథం ఉన్న చోటును చూపే ఎమ్మారై, రక్తంలోని ప్రత్యేక ప్రతిరక్షకాల పరీక్ష, కండరం నుండి చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శినితో చూసే బయాప్సీ వ్యాధి రకాన్ని నిర్ధారిస్తాయి. ఊపిరితిత్తుల స్థితిని తెలుసుకోవడానికి సీటీ స్కాన్ చేస్తారు. పెద్దలలో డెర్మటోమయోసైటిస్ ఉన్నవారిలో సుమారు 15 నుండి 30 శాతం మందికి వ్యాధికి కొంత ముందుగా గాని, తరువాత గాని కాన్సర్ బయటపడుతుంది. అందువలన వయసును బట్టి ఆ పరీక్షలు కూడా చేస్తారు. ఈ వ్యాధులకు చికిత్స చేసే నిపుణులను రుమటాలజిస్టులు అంటారు. నరాల వైద్యులు, చర్మవైద్యులు కూడా గుర్తించగలరు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో రుమటాలజీ విభాగం ఉన్నది.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

రెండుమూడు వారాలకు పైబడి మెట్లు ఎక్కడం, లేవడం, చేతులు ఎత్తడం కష్టమవుతూ ఉంటే వైద్యుని సంప్రదించాలి. క్రింది లక్షణాలు ఉన్నపుడు వెంటనే ఆసుపత్రికి వెళ్ళడం అవసరం:

* నీరు, ఆహారం పొలమారడం లేదా ముక్కులోనికి రావడం.
* ఆయాసం లేదా రోజురోజుకు హెచ్చుతున్న పొడిదగ్గు.
* తల నిలుపలేకపోవడం.
* మూత్రం తేనీటి రంగులో రావడం. ఇది కండరాలు వేగంగా నశిస్తున్నాయనుటకు గుర్తు కావచ్చు.
* గుండెదడ, స్పృహ తప్పడం.

చికిత్స

1948లో కార్టిజోన్ వైద్యంలోనికి వచ్చిన తరువాత స్టిరాయిడ్‌లు ఈ వ్యాధికి ప్రధాన ఔషధాలుగా మారాయి. అంతకు పూర్వం తీవ్రమైన రోగులలో చాలామంది మరణించేవారు. నేడు సాధారణంగా ప్రెడ్నిసొలోన్‌తో మొదలుపెట్టి, తోడుగా మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్, మైకోఫెనొలేట్ వంటి మందులను చేర్చి, స్టిరాయిడ్ మోతాదును క్రమంగా తగ్గిస్తారు. లొంగని కేసులలో రిటుక్సిమాబ్, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్లు వాడతారు. పెద్దల డెర్మటోమయోసైటిస్‌కు ఒక ఇమ్యునోగ్లోబ్యులిన్ ఔషధాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో ఆమోదించింది.

ఈ మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. కాబట్టి మన దేశంలో చికిత్సకు ముందు క్షయవ్యాధి ఉన్నదేమో పరీక్షించడం ముఖ్యం. స్టిరాయిడ్ మందులను రోగి తనంతట తాను హఠాత్తుగా మానివేయరాదు. నొప్పుల కోసం పేరు తెలియని పొడులు, మాత్రలు వాడడం కూడా ప్రమాదకరం. అటువంటి వాటిలో స్టిరాయిడ్‌లు కలిసి ఉంటే తాత్కాలికంగా ఉపశమనం కలిగి అసలు వ్యాధి మరుగునపడుతుంది. చర్మ లక్షణాలు ఉన్నవారు ఎండ తగలకుండా జాగ్రత్త పడాలి. పూర్వం పూర్తి విశ్రాంతిని సూచించేవారు. వైద్యుని పర్యవేక్షణలో చేసే తగిన వ్యాయామం హాని చేయదని, బలాన్ని పెంచుతుందని తరువాతి పరిశోధనలలో తేలింది.

ప్రజలలో అవగాహన

తెలుగువారిలో చాలామందికి ఈ వ్యాధి పేరు 2022 అక్టోబరులో పరిచయమైంది. తనకు మయోసైటిస్ ఉన్నట్లు సినీనటి సమంత ఆ నెలలో సామాజిక మాధ్యమం ద్వారా వెల్లడించింది. దంగల్ చిత్రంలో బాలనటిగా కనిపించిన సుహానీ భట్నాగర్ 2024 ఫిబ్రవరి 16న ఢిల్లీలోని ఎయిమ్స్‌లో 19 సంవత్సరాల వయసులో మరణించింది. ఆమెకు సోకినది డెర్మటోమయోసైటిస్ అని కుటుంబసభ్యులు తెలిపారు. ఒకే వర్గానికి చెందిన వ్యాధులు అయినా రకాన్ని బట్టి, ఊపిరితిత్తుల స్థితిని బట్టి, చికిత్స మొదలైన సమయాన్ని బట్టి ఫలితాలు ఎంతగానో మారతాయి. మొదటి రెండూ మనిషి చేతిలో లేనివి. మూడవది మాత్రం నేలమీదనుండి లేవడానికి గోడ పట్టుకొంటున్న మనిషిని ఇంట్లోవారు ఎప్పుడు గమనించారన్న దానిపై కొంతవరకు ఆధారపడి ఉంటుంది.